పై ఇంటి నేల, కింది ఇంటి కప్పు

నేను ముప్పై నిండకుండానే రిటైరైన మనిషిని. పింఛను లేదు, శాలువా కప్పలేదు, వీడ్కోలు సభలో ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. కావలిలో ఒక అయిదంతస్తుల అపార్టుమెంటుకు మేనేజరుగా పనిచేస్తూ, ఒక పొద్దున నా కళ్ళ ముందు జరిగినది చూసి, ఆ తర్వాత కొన్నాళ్ళకే మానేశాను. ఇప్పుడు బుచ్చిరెడ్డిపాలెంలో మా బావ రైసుమిల్లు చూసుకుంటున్నాను. మిల్లుకు పై అంతస్తు లేదు. చేరడానికి నాకా ఒక్క కారణం చాలింది.

మీలో ఎవరైనా చదువు ముగించి, మంచిది దొరికేదాకా ఇందులో ఉందామని ఇలాంటి ఉద్యోగంలో చేరబోతుంటే, ఈ కాస్త చదివి చేరండి. మేనేజరంటే ఏసీ గది అనుకునేరు. మెట్ల కింద, లేచి నిలబడితే తలకు బొప్పి కట్టే చోట ఒక బల్ల, ఒక కుర్చీ. మోటారు వేయడం, వాచ్‌మన్ రానప్పుడు గేటు తీయడం, ఒకరి చోట ఇంకొకరు కారు పెడితే ఇద్దరితోనూ తిట్లు తినడం నా పని. ఇవన్నీ అలవాటైపోతాయి. అలవాటు కానిది నీళ్ళ గొడవ ఒక్కటే. మనుషులకు ఫ్లాటు నంబర్లున్నాయి గాని, నీళ్ళకు అవి తెలియవు. పై ఇంట్లో పుట్టి, కింది ఇంట్లో తేలి, మధ్యలో ఎవరిదీ కాని స్లాబులో కాపురం పెడతాయి.

పైగా మాది ఉప్పుగాలి. మా డాబా మీద నుంచి సముద్రం కనపడదు గాని, దాని ఉప్పు మాత్రం రోజూ వచ్చి గేటునూ కిటికీ చువ్వలనూ పలకరించి పోతుంది. ఇనుము అన్నది ఏదైనా సరే, మా దగ్గర దానికి ఆయుష్షు తక్కువ.

గొడవ మొదలైంది రెండో అంతస్తులో. ఆ ఇంటాయన రొయ్యల గుంటలకు మేత అమ్ముతాడు. తెల్లారితే గుంటల మీదికి పోయి పొద్దుగూకాక వస్తాడు కాబట్టి, ఇంటి తరఫున మాట్లాడేదీ, పోట్లాడేదీ ఆయన భార్యే. ఒకరోజు నన్ను పడకగదిలోకి పిలిచి పైకి చూపించింది. గది మధ్యలో ఉయ్యాల కట్టుకునే కొక్కెం, దానికి కాస్త అవతల చెమ్మ మరక.

"అబ్బయా, ఇది చూడు. మొన్న అరచెయ్యంత ఉండింది, ఈ పొద్దుకి చాటంత అయినాది."

"శ్రీలంక మాదిరి ఉండాదక్కా. రొంత ఆగితే ఇండియా కూడా దిగుద్ది."

"ఎగతాళి చేయబాక. పైకిపోయి సారుకు చెప్పు."

పైన, మూడో అంతస్తులో, రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరరు గారు. భార్య పోయాక ఒక్కరే ఉంటారు. మంచి మనిషే. కాకపోతే అపార్టుమెంటు సంఘం నిబంధనలను రాజ్యాంగంలా చదువుతారు. నన్ను సరాసరి బాత్రూములోకి తీసుకెళ్ళి నిలబెట్టారు.

"చూడు బాబూ. నా నేల పొడిగా ఉంది. నేల మీద ఉన్నంతవరకే నీళ్ళు నావి. నేల కిందికి పోయాక అవి స్లాబులో ఉన్నాయి. స్లాబు ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి ఆస్తి ఎవరి బాధ్యత?"

"సంఘానిది సార్."

"నువ్వే అన్నావు."

నేను అన్నది నిజమే. నేను పరీక్షలో రాసినట్టు అన్నాను గాని, తీర్పులా అనలేదు. సంఘం కార్యదర్శి మొదటి అంతస్తులో ఉంటాడు, బజారులో మందుల షాపు. ఆయన దగ్గరికి వెళ్తే ఇంకో శాస్త్రం చెప్పాడు.

"బయటి లైను పగిలితే సంఘానిది. గోడ దాటి లోపలికి పోయినాదంటే ఇంటాయనది. ఈ పొద్దు సారు బాత్రూము మనం బాగు చేయిస్తే, రేపు నా ఇంటి కుళాయి మార్చమని నేనే అడగతా. ఎట్టా కుదురుద్ది?"

సరే, నిపుణుడిని పిలుద్దామని ప్లంబరు అన్నను తెచ్చాను. ఆయన లెక్చరరు గారింట్లో కాఫీ తాగి "బయటి లైనే సార్" అన్నాడు. కార్యదర్శి ఇంట్లో టీ తాగి "లోపలి జాయింటే అన్నా" అన్నాడు. రెండో అంతస్తులో మజ్జిగ ఇచ్చారు. అక్కడ "రెండూ అయ్యుండొచ్చక్కా" అన్నాడు. కిందికి దిగాక పక్కకు తీసుకెళ్ళి అడిగాను.

"నిజం చెప్పన్నా, ఏది?"

"టైల్సు పగలగొట్టి చూస్తే గాని నాకేం తెలుసబ్బయా? ఎవురికి కావాల్సింది వాళ్ళకి చెప్పినా. ఊరికే తాగి వస్తే బాగుండదు గదా."

మీటింగులు పెట్టుకున్నాం. చెమ్మ మీద అంత చర్చ జరిగిన కట్టడం జిల్లాలో ఇంకోటి ఉండదు. చివరికి ప్లంబరన్న ఒక ఉపాయం చేశాడు. బట్టలకు వేసే నీలం బకెట్టు నీళ్ళలో కలిపి లెక్చరరు గారి బాత్రూములో పోశాడు. మర్నాటికి కింద శ్రీలంక నీలంగా మారింది. లెక్చరరు గారు కిందికి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, చాలాసేపు చూసి, "నీళ్ళు నావే. జాయింటు ఎవరిదన్నది ఇంకా తేలలేదు. అయినా పగలగొట్టించు" అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. అంత సంతోషం.

ఆ సంతోషం మర్నాటి పొద్దున దాకా ఉంది. సుత్తి, ఉలి తీసుకుని ప్లంబరన్న మెట్లెక్కుతుంటే, రెండో అంతస్తు అక్క చేతులు అడ్డంపెట్టి నిలబడింది. ముందురోజు రాత్రి బండికే కూతురు కాన్పుకు పుట్టింటికి దిగింది.

"ఇప్పుడు కాదబ్బయా. కడుపుతో ఉండే పిల్ల ఇంట్లో ఉండంగా సుత్తి దెబ్బ పడకూడదు. నేల తవ్వకూడదు, గోడకి మేకు కూడా కొట్టం మేము."

"పగలగొట్టేది మీ ఇంట్లో కాదు గదక్కా, పైన."

"దెబ్బ ఏడికి దిగుద్ది? నా కూతురు నెత్తి మీదికే గదా. కాన్పు అయినాక చూద్దాం. ఇన్నాళ్ళు ఆగింది, ఇంకొన్నాళ్ళు ఆగదా?"

లెక్చరరు గారికి చెప్పాను. మనుషుల నమ్మకాలను గౌరవించాలన్నారు. ఆయన అంత తొందరగా దేన్నయినా గౌరవించడం నేను అప్పుడే చూశాను. నీళ్ళు తక్కువ వాడతానని మాట కూడా ఇచ్చారు. కార్యదర్శి "మంచిది" అన్నాడు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. వాయిదా అంటే మా కట్టడంలో అందరికీ ఇష్టమే.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వచ్చారు. బారసాలకు రోజు పెట్టుకున్నారు. అంటే బిడ్డను మొదటిసారి ఉయ్యాలలో వేసి పేరు పెట్టడం. చుట్టాలొస్తున్నారు, ఫోటోలు తీస్తారు, నెత్తిన చూస్తే నీలం మరక. ఇప్పుడు పగలగొట్టడం మొదలుపెడితే దుమ్ము, చప్పుడు, పచ్చి బాలింత. కార్యం అయినాక చూద్దామన్నారు.

అప్పుడు జరిగింది ఆ సంఘం చరిత్రలో మొట్టమొదటి ఏకగ్రీవ తీర్మానం. రంగు వేయించాలి! లెక్చరరు గారు రంగు కొనిచ్చారు. కార్యదర్శి తనకు తెలిసిన పెయింటరును పంపాడు. అక్క లేత పసుపు ఎంచింది. నేను నిచ్చెన పట్టుకున్నాను. పెయింటరు ఊగుతున్న పెచ్చులు గీకి, గుంటల్లో పుట్టీ దట్టంగా మెత్తి, రంగు వేశాడు. తుప్పు పట్టిన ఉయ్యాల కొక్కేనికి వెండి రంగు పూశాడు. కిందికి దిగి చూస్తే గది కొత్తిల్లులా ఉంది. కార్యదర్శి వచ్చి కొక్కేన్ని ఒక చేత్తో లాగి చూసి, "ఏనుగుని కట్టినా ఊడదు" అన్నాడు.

"ఏనుక్కి బారసాల ఎవరు చేస్తారన్నా?" అన్నాను నేను. అందరూ నవ్వారు. పెయింటు కింద ఏముందో అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు. మరక కనపడకపోతే నీళ్ళు లేనట్టే అని మా అందరి లెక్క.

ఆ పొద్దున గది నిండా ఆడవాళ్ళు. గుమ్మం దగ్గర మేము. కొయ్య ఉయ్యాలకు ఇత్తడి గొలుసులు తగిలించి, కొక్కేనికి వేలాడదీసి, పూలదండలు చుట్టారు. బాలింత బిడ్డను పొత్తిళ్ళలో పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఇక్కడ మీకొక ఆచారం చెప్పాలి. మా వైపు కొందరిళ్ళలో బిడ్డకంటే ముందు ఉయ్యాలలో రాయిని వేస్తారు. పచ్చడి నూరే సన్నికల్లు మీది పొత్రం. దాన్ని కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్తగుడ్డలో చుట్టి, బిడ్డలాగే పడుకోబెట్టి ఊపుతారు. దిష్టి ఏదన్నా ఉంటే రాయికి పోవాలని, బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని. అక్క పొత్రాన్ని రెండు చేతులా మోసుకొచ్చింది.

ఫోటోలాయన విసుక్కున్నాడు. "అమ్మా, రాయి ఫోటో ఎవురు చూస్తారు? బిడ్డనే వేసేయండి, నాకు ఇంకో కార్యం ఉండాది."

కూతురు కూడా అలిసిపోయి ఉంది. "అమ్మా, కాళ్ళు లాగతా ఉండాయి. ఈ రాయి కత మానేద్దాంలే."

నేను ఊరుకుంటానా? "రాయికి కూడా పేరు పెడతారా అక్కా?"

"నువ్వు నోరు మూసుకో అబ్బయా. నువ్వు బిడ్డని గట్టిగా పట్టుకోమ్మే. ముందు రాయే," అని అక్క పొత్రాన్ని ఉయ్యాలలో పెట్టింది. ముసలామె ఒకరు పాట అందుకున్నారు. అక్క ఉయ్యాలను ఒకసారి నిమ్మళంగా ఊపింది. ఇంకోసారి ఊపింది.

చప్పుడు ముందు వచ్చిందో, ఉయ్యాల ముందు పోయిందో నాకిప్పటికీ తెలియదు. పైనుంచి కొక్కెం ఒక్కటే రాలేదు. చాటంత స్లాబు పెచ్చును పట్టుకుని వచ్చింది. ఉయ్యాల నేలను తాకి విచ్చుకుపోయింది. దాని మీద సిమెంటు గడ్డ పడింది. పొత్రం గుడ్డలోంచి దొర్లి, గచ్చు పలకను రెండు ముక్కలు చేసి, మంచం కోడుకు తగిలి ఆగింది. లేత పసుపు దుమ్ము గదంతా లేచింది.

ఎవరూ అరవలేదు. అది నాకు బాగా గుర్తు. పాట పాడే ముసలామె నోరు తెరుచుకునే ఉంది, పాట లేదు. అక్క చెయ్యి ఊపే భంగిమలో గాలిలో ఉండిపోయింది. పైన చూస్తే, ఊడిన చోట స్లాబు లోపలి ఇనుప చువ్వలు నల్లగా, పొరలు పొరలుగా, తడి తడిగా కనపడ్డాయి. వెండి రంగు కింద ఉన్నది అదీ. నా జీవితంలో ఏ గొడవకైనా ఒక మాట దొరికేది నాకు. ఆ క్షణాన నాలుక మీద దుమ్ము తప్ప ఏమీ లేదు.

ముందు ఏడ్చింది బిడ్డే. ఆ గదిలో బుద్ధిగా ప్రవర్తించింది ఆ పిల్ల ఒక్కతే.

ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాను. సుత్తి దెబ్బ పడకూడదన్న పట్టింపు వల్ల మరమ్మతు ఆగింది. రాయి ముందు పడాలన్న పట్టింపు వల్ల బిడ్డ మిగిలింది. ఏ పట్టింపును తిట్టాలో, దేనికి దండం పెట్టాలో నాకు తేలలేదు. తేలకపోతే పోనీలే అని ఊరుకున్నాను.

అయితే నేను అసలు బెదిరిపోయింది ఆ తర్వాతి మాటకు. దుమ్ము ఇంకా కిందికి దిగలేదు. కార్యదర్శి తుమ్మి, ముఖం తుడుచుకుని అన్నాడు: "అందరూ చూసినారు గదా. లోపలి జాయింటని నేను మొదటినుంచి మొత్తుకుంటానే ఉండా."

గుమ్మంలో బిడ్డకు తెచ్చిన వెండి గిలక్కాయ పట్టుకుని నిలబడిన లెక్చరరు గారు వణుకుతున్న గొంతుతోనే, "ఊడింది స్లాబు. స్లాబు ఉమ్మడి..." అని మొదలుపెట్టారు.

ఆయన దుర్మార్గుడు కాదు. భయపడ్డ మనిషి నోటికి ఏది అలవాటైతే అది వస్తుందనుకుంటాను.

"ఆపండి!" అంది బాలింత. ఇన్ని నెలల్లో ఆ పిల్ల గొంతు పెద్దగా వినడం నాకదే మొదలు. "ఆ రాయి ఉండే చోట నా బిడ్డ ఉంటే ఎవురిదని చెప్పేవాళ్ళు? ఇప్పుడు చెప్పండి. ఎవురిదీ? లోపలి జాయింటుదా, బయటి జాయింటుదా?"

ఆ పిల్ల బిడ్డను గుండెకు అదుముకుని బయటికి పోయి మెట్ల మీద కూర్చుంది. అక్క వెంట పరుగెత్తింది.

"లోపలికి రామ్మా, ఇంకో గదిలో పడుకో. పచ్చి ఒళ్ళు."

"ఆ కప్పు కిందికి నేను రాను. సాయంత్రం బండికి మా అత్తగారింటికి పోతా. నా బిడ్డని ఇంక ఈ ఇంటికి తేను."

అక్క మెట్టు మీద కూలబడిపోయింది. కూతురు కాన్పుకు వస్తుందని నెలల తరబడి ఎదురు చూసిన మనిషి. రాయి పడినప్పుడు కూడా ఆమె ముఖం అంతగా పాలిపోలేదు.

లెక్చరరు గారు వాళ్ళిద్దరినీ చూశారు. గిలక్కాయను నా చేతిలో పెట్టి, మెట్లెక్కి పోయారు. కాసేపటికి పైనుంచి దెబ్బలు వినపడ్డాయి. ప్లంబరన్న భోజనానికి వచ్చి ఉన్నాడు, ఆయనా నేనూ పరుగెత్తాం. పట్టుపంచె పైకి ఎగగట్టి, కొబ్బరికాయలు కొట్టే ఇనుప కమ్మీతో ఆయన తన బాత్రూము టైల్సు తానే కొడుతున్నారు. కొన్ని దెబ్బలు టైలుకు, కొన్ని గోడకు, ఒకటి తన బొటనవేలికి.

"సార్, సార్! అట్టా కాదు, ఉన్న పైపు కూడా పగులుద్ది. ఇటీయండి," అని ప్లంబరన్న కమ్మీ లాక్కుని, ఉలి తెచ్చి, నీళ్ళు పోయే జాలీ చుట్టూ పద్ధతిగా తవ్వాడు. లోపల పైపు గోడలోకి పోయే చోట జాయింటు. సిమెంటు కరిగిపోయి, గోరు దూరేంత సందు. అంతే.

ఆయన కొలిచినట్టు వంగి చూసి, ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "సరిగ్గా గోడ మధ్యన ఉండాది సార్. లోపలా కాదు, బయటా కాదు."

నేను నవ్వుదామనుకున్నాను. రాలేదు. లెక్చరరు గారు తడి నేల మీద అలాగే కూర్చుండిపోయారు. "దీనికా?" అన్నారు. కింద చుట్టాల పంక్తి లేచే లోపే ప్లంబరన్న ఆ జాయింటు బాగు చేసేశాడు. ఇన్ని మీటింగులు, ఒక నీలం బకెట్టు, ఒక ఏకగ్రీవ తీర్మానం ఆ గోరంత సందు కోసం.

లెక్చరరు గారు కిందికి దిగి, మెట్ల మీద కూర్చున్న ఆ పిల్ల ముందు నిలబడ్డారు. నిబంధనలు ఏమీ చెప్పలేదు. "అమ్మా, నీళ్ళు నావి. నేను ముందే పగలగొట్టించి ఉండాల్సింది. మీ అమ్మ మీద కోపంతో పోవద్దు," అన్నారు. బొటనవేలి నుంచి రక్తం కారుతోంది. ఆ పిల్ల దాన్ని చూసి, పొత్తిళ్ళ గుడ్డల్లోంచి ఒకటి తీసి ఇచ్చింది. పోతాననీ అనలేదు, ఉంటాననీ అనలేదు. "మిగతా కప్పులన్నీ చూపిచ్చండి. అప్పుడు చెప్తా," అంది.

చూపించడమంటే నేనే. బూజుకర్ర తలకిందులు చేసి, కర్ర కొసతో కప్పులు తట్టుకుంటూ బయల్దేరాను. గట్టి స్లాబైతే టక్కుమంటుంది. లోపల ఊడి ఉంటే డొల్ల చప్పుడు. అక్క నా వెనకే వచ్చింది, కూతురికి తానే చెప్పాలని. వాళ్ళింట్లో మిగతా గదులన్నీ టక్కుమన్నాయి. పైన లెక్చరరు గారిల్లు టక్కుమంది. ఒక్కో చప్పుడుకు అక్క ఊపిరి కొంచెం కొంచెం దిగుతోంది. ఇతర ఇళ్ళవాళ్ళు కూడా తలుపులు తీసి "మాది కూడా కొట్టు" అని అడిగి మరీ కొట్టించుకున్నారు. అంతకు ముందు నెలవారీ రుసుము అడగబోతే తలుపే తీయనివాళ్ళు.

ఆఖరున మొదటి అంతస్తు, కార్యదర్శి ఇల్లు. "మాకేం లేదులే, ఒక్క మరక లేదు," అంటూనే ఆయన పడకగది చూపించాడు. నిజమే, కప్పు తెల్లగా, అందంగా ఉంది. పోయిన పండక్కే రంగు వేయించాడట. మంచం పక్కన కుర్చీ ఎక్కి, సరిగ్గా ఆయన దిండుకు పైన తట్టాను.

డొల్ల.

ఇంకో చోట తట్టాను. డొల్ల. తలగడ నుంచి కాళ్ళ వైపు దాకా ఎక్కడ కొట్టినా ఖాళీ కుండ మీద కొట్టినట్టు. కాస్త సున్నం రాలి దుప్పటి మీద పడింది. కార్యదర్శి పైకి చూశాడు, మంచం కేసి చూశాడు. రాత్రుళ్ళు తను పడుకునే చోటు. ఆయన పెదాలు కదిలాయి. "పైన ఎవురి..." అని, సగంలో ఆగిపోయాడు.

పై ఇల్లు ఎవరిదో ఆ మనిషి గుమ్మంలోనే నిలబడి ఉంది.

అక్క కప్పును చూసింది. తర్వాత తల దించి తన పాదాల కేసి చూసుకుంది, వాటి కింద ఏముందో మొదటిసారి ఆలోచిస్తున్నట్టు. ఇన్నాళ్ళూ ఆమె తల పైకెత్తే పోట్లాడింది. ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని లోపలికి వచ్చి, మంచం కాళ్ళ వైపు పట్టుకుంది.

"ఆ చివర పట్టుకోన్నా," అంది కార్యదర్శితో. "ముందు మంచం జరుపుదాం."